కథ కుట్టిన గుడ్డా, బతుకమ్మా?

ఊరు వదిలిన ఆడవాళ్లకు ఏది ఎక్కువ ఆసరా అంటే నాకు రెండు గుర్తొస్తాయి. ఒకటి ఆగ్నేయాసియా కొండల్లో ఉండే హ్మోంగ్ తెగ స్త్రీల కుట్టుపని. చనిపోయినవాళ్లను పూర్వీకులు గుర్తుపట్టాలని కుట్టుపని చేసిన బట్టలే తొడిగే నమ్మకం వాళ్లది. 1975 తర్వాత లావోస్ నుంచి పారిపోయి థాయ్‌లాండ్ శరణార్థి శిబిరాల్లో ఉన్నప్పుడు, అంతకుముందు నగిషీలు కుట్టిన ఆ చేతులే ఊరినీ, యుద్ధాన్నీ, మెకాంగ్ నది దాటిన రాత్రినీ గుడ్డ మీద కుట్టాయి. అమ్మితే నాలుగు డబ్బులొచ్చాయి, కథా మిగిలింది.

రెండోది మహారాష్ట్రలోని సోలాపూర్ బతుకమ్మ. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీల ఇళ్లలో, బీడీలు చుట్టిన వేళ్లే పూలు పేరుస్తాయి. తంగేడు, గునుగు దొరక్కపోతే బంతి, చామంతి. పసుపు గౌరమ్మ మాత్రం ఉండాల్సిందే. దీనికి రూపాయి రాదు, చివరికి నీళ్లలో కలిసిపోతుంది.

అయినా నా ఓటు దీనికే. కుట్టు ఒక్కరే కూర్చుని కూడా కుట్టుకోవచ్చు, బతుకమ్మకు పక్కన ఇంకొకరు చప్పట్లు కొట్టాలి, పరాయి ఊళ్లో టెన్షన్ తగ్గించేది ఆ పక్క మనిషే. చేతిలో పైసా లేని రోజున మాత్రం సూదీదారమే ముందు, ఒప్పుకుంటాను.