పదో తరగతి తర్వాత: ఐటీఐనా, పాలిటెక్నికా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గరైనా, మహబూబ్‌నగర్ బస్టాండులోనైనా మే నెలలో తల్లిదండ్రుల ప్రశ్న ఇదే.

కాలం: ఐటీఐలో వెల్డర్‌కు ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌లకు రెండేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమాకు మూడేళ్లు.

సీటు: ఐటీఐకి పదో తరగతి మార్కులు చాలు. పాలిటెక్నిక్‌కు పాలీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో లెక్కలదే పెద్ద వాటా.

ఖర్చు: సర్కారు కాలేజీలో రెండూ తక్కువే. అసలు భారం హాస్టల్, బస్సు చార్జీలు.

చదువు తీరు: ఇక్కడే పిల్లల్ని చూసి నిర్ణయించాలి. ఐటీఐలో రోజులో ఎక్కువ భాగం వర్క్‌షాపులోనే, చేతికి నూనె మరకలు తప్పవు. డిప్లొమాలో డ్రాయింగ్, లెక్కలు, ఇంగ్లిష్ పుస్తకాలు. తెలుగు మీడియం పిల్లలు చాలామంది మొదటి ఏడాదే తడబడతారు. మోటారు విప్పి బిగించే పిల్లోణ్ని మూడేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టడం నాకైతే నచ్చదు.

ఉద్యోగం: జూనియర్ లైన్‌మన్‌కు ఎలక్ట్రికల్ ఐటీఐ అడుగుతారు, సబ్ ఇంజనీర్‌కు డిప్లొమా. దామరచర్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు లాంటి చోట రెండు రకాల వాళ్లకూ పని ఉంటుంది, మెట్లు మాత్రం వేరు.

రిస్కు: డిప్లొమాలో బ్యాక్‌లాగులు, అంటే తప్పి మిగిలిపోయే సబ్జెక్టులు. ఐటీఐలో పాత మిషన్లు. తెలంగాణలో 65 సర్కారు ఐటీఐలను కొత్త మిషన్లుండే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు, మీ దగ్గరిది ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి.

ఇంట్లో తొందరగా జీతం కావాలంటే ఐటీఐ, ఆపై అప్రెంటిస్‌షిప్, అంటే కంపెనీలో స్టైపెండుతో పని నేర్చుకోవడం. లెక్కలు బాగా వచ్చి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాలనుంటే పాలిటెక్నిక్.