మంచు తగిలిన ఆర్టిచోకా, నిగనిగలాడే పచ్చదా? ఏది మేలు?

పోయినేడు జనవరిలో అమ్మ కాలిఫోర్నియా బే ఏరియాలో మా ఇంట్లోనే ఉంది, నేను సంచిలోంచి ఆర్టిచోక్స్ (రేకులు రేకులుగా ఉండే పూమొగ్గ, కూరగాయలా వండుకుంటారు) తీస్తుంటే "ఏరా, చూసి ఏరుకోవద్దూ, తుప్పు పట్టినట్టున్నాయి ఇవి" అంది. నిజంగానే అలా ఉన్నాయి, పై రేకులు బొబ్బలెక్కి తెల్లగా పొరలు లేచి, అక్కడక్కడా కంచు రంగు. కానీ నేను కావాలనే అవి ఏరుకొచ్చా. అంగట్లో పక్కనే ఎడారి వైపున్న కొచెల్లా లోయ నుంచి వచ్చిన నున్నటి పచ్చవి కూడా ఉంటే అవీ రెండు తెచ్చా, తేల్చేద్దామని.

ఆ మచ్చ కుళ్ళు కాదు, మంచు దెబ్బ. ఇవి పండే కాలిఫోర్నియా ఊరు కాస్ట్రోవిల్, అక్కడి తోటలు సముద్రం పక్కనే, ఎప్పుడూ పొగమంచు, చల్లగాలి తప్ప గడ్డకట్టే చలి తక్కువ. మబ్బు లేకుండా గాలి ఆగిపోయిన చలికాలం రాత్రి మాత్రం టెంపరేచర్ సున్నా దిగుద్ది, మొగ్గ -1 డిగ్రీ కిందికి పోతే గడ్డకట్టడం మొదలు, పై తోలు ఊడి లేచి తర్వాత గోధుమ రంగుకి తిరుగుద్ది. గోరుతో గీకితే కింద పచ్చగానే ఉంటది. అలా కాకుండా కాడ దగ్గర మెత్తగా నల్లగా ఉంటే అది వేరే కథ, ముట్టుకోవద్దు. చలి మరీ ముదిరినా లోపల దాకా పోతుంది.

అసలు ఈ మొక్కకి చలి కావాల్సిందే. పాతరకం గ్రీన్ గ్లోబ్ అయితే 10 డిగ్రీల లోపు చలి వందల గంటలు పడితేగానీ సరిగా మొగ్గెయ్యదు, ఎడారిలో అంత చలి దొరకదు కాబట్టి మన ద్రాక్ష రైతులు వాడే జిబ్బరెల్లిక్ యాసిడ్డే (మొక్కల హార్మోన్) అక్కడ కొట్టి మొగ్గ తెప్పిస్తుంటారు.

సరే తిండి సంగతి. రెండూ ఆవిరి మీద 40 నిమిషాలు పెట్టా, రేకు లాగితే చేతికి ఊడొచ్చే దాకా. తినడం మునక్కాడ లెక్కే, రేకు అడుగున్న గుజ్జు పళ్ళతో లాగి తొక్క పక్కన పడేయడం. పచ్చది బానే ఉంది కానీ నీళ్ళ నీళ్ళగా, అద్దుకున్న బటర్ రుచే ఎక్కువ. మంచుది మాత్రం కమ్మగా, ఉడకబెట్టిన వేరుశనగల్లా, మధ్యలో హార్ట్ (రేకులన్నీ ఒలిచాక మిగిలే మెత్తటి అడుగుభాగం) అయితే తియ్యగా. రైతులు కూడా మంచు తగిలిందే రుచి అంటారు, అమ్ముకోడానికి అంటారేమో అనుకునేవాణ్ణి.

అలాగని ఎప్పుడూ అదేనా అంటే కాదు. రేకుల మధ్య ఏదైనా కూరి బేక్ చేసి చుట్టాల ముందు పెట్టాలంటే మార్చి నుంచి మే లోపు వచ్చేవి కొనండి, గుండ్రంగా బిగుతుగా ఉంటాయి, అప్పుడు కుప్పలు కుప్పలు వస్తాయి. ఎండలు ముదిరాక రేకులు విచ్చుకున్నవి అసలొద్దు, పీచు. ఒట్టి హార్ట్ కోసి కూర చెయ్యాలంటే మచ్చలున్నా నష్టం లేదు, ఎలాగూ పై రేకులు ఒలిచేస్తాం, కోసిన వెంటనే అరటిపువ్వులాగా మజ్జిగ నీళ్ళల్లో వెయ్యండి, లేకపోతే నల్లబడుద్ది. మంచువి మాత్రం తెచ్చిన రెండ్రోజుల్లో వండెయ్యండి.

అమ్మ బటర్ వద్దని కందిపొడిలో నెయ్యేసుకుని అద్దుకుంది. ఆ తుప్పు పట్టినవే ఖాళీ అయ్యాయి, పచ్చది సగం మర్నాటికి మిగిలింది.