పాతికేళ్లుగా నా దగ్గరున్న 98480 నంబరు

రాణిగంజ్‌లో మాది మోటార్ల రీవైండింగ్ షాపు. 2000లో టాటా సెల్యులార్ సిమ్ తీసుకున్నాను. అప్పట్లో ఫోన్ ఎత్తినా డబ్బులు పోయేవి. అందుకే రైతులకు ముందే చెప్పేవాణ్ని, రెండు రింగులిచ్చి పెట్టేయండి, ల్యాండ్‌లైన్ నుంచి నేనే చేస్తానని. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక గానీ ధైర్యంగా మాట్లాడలేదు. రిపేరు చేసిన ప్రతి మోటారుతో పాటు స్టార్టర్ డబ్బా తెప్పించుకుని, దాని మీద తెల్ల పెయింటుతో నా నంబరు రాసిచ్చేవాణ్ని.

మన దగ్గర టాటా సెల్యులార్ ఉంటే, మహారాష్ట్ర, గుజరాత్‌లలో బిర్లా ఏటీ అండ్ టీ ఉండేది. రెండూ కలిసిపోయి 2002లో ఐడియా అయింది. ఆ తర్వాత ఏటీ అండ్ టీ, టాటాలు వాటాలు అమ్ముకుని వెళ్లిపోయారు, బిర్లాలు మిగిలారు. ఇంకోవైపు హచ్ 2007లో వొడాఫోన్‌గా మారింది. 2018 ఆగస్టు 31న అది ఐడియాతో కలిసింది. 2020 సెప్టెంబరుకి రెండు పేర్లూ పోయి 'వీ' వచ్చింది.

పేరు మారిన ప్రతిసారీ నాకు ఒకటే టెన్షన్, నంబరు ఏమవుతుందోనని. ఏమీ కాలేదు. సిమ్ రెండుసార్లు మార్చాను, అదీ కొత్త ఫోన్లలో పాతది పట్టక.

2023 ఎండాకాలంలో గజ్వేల్ వైపు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, మా నాయన చేయించిన మోటరు. డబ్బా మీద పెయింటు లేచిపోయింది. ఆఖరి అంకె ఒకటో ఏడో తెల్వక రెండూ కొట్టిన." ఆ రోజంతా నాకు ఆ సంతోషమే.

ఇంట్లో వాడిన రెండో సిమ్ సంగతి వేరు. ఆ కంపెనీ మూతపడింది. అదే నంబరుతో వేరే కంపెనీకి మారాలంటే పోర్ట్ మెసేజ్ పంపి కోడ్ తెప్పించుకోవాలి. దానికి సిగ్నల్ కావాలి, సిగ్నలే లేదు. మా ఆవిడ డాబా మీద మూడు రోజులు ఫోన్ ఎత్తి పట్టుకుని తిరిగింది. కోడ్ రాలేదు. బ్యాంకుకీ, గ్యాస్‌కీ ఆ నంబరే. అన్నీ మార్పించుకునేసరికి రెండు నెలలు పట్టింది.

కంపెనీలు కలవడం తప్పనను. మనకు ఎంచుకోవడానికి ఏమీ మిగలకపోవడమే బాధ. 2011 జనవరిలో దేశమంతా నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలొచ్చినప్పుడు టాటా డొకొమో, యూనినార్, ఎయిర్‌సెల్, రిలయన్స్ అన్నీ ఉన్నాయి. ఇప్పుడు లెక్కకు నాలుగు. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకే వారంలో రేట్లు పెంచాయి, బీఎస్ఎన్ఎల్ ఒక్కటే పెంచలేదు.

మీ కంపెనీ మూసేస్తున్నారని వినగానే ఆగకండి. సిగ్నల్ ఉండగానే 1900కి పోర్ట్ మెసేజ్ పంపండి, వచ్చే కోడ్ నాలుగు రోజులే పనిచేస్తుంది. సిమ్ మీ పేరు మీదే ఉందో లేదో కూడా చూసుకోండి. నాది మా బావమరిది ప్రూఫ్ మీద తీసుకున్నది, నా పేరుకి మార్చుకోవడానికి ఇద్దరం కలిసి వెళ్లాల్సి వచ్చింది.

నంబరుకి ఐదుకి ఐదు. డబ్బాల మీద ఇప్పటికీ అదే వేస్తున్నాను, పెయింటు బదులు స్టిక్కర్.