చలికాలపు పిచ్చుకల కోసం తిరుపతి చుట్టూ: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

స్పానిష్ పిచ్చుక మన దేశంలో చలికాలం గడిపేది పంజాబ్, రాజస్థాన్ వైపు పొలాల్లో. అది తిరుపతి దగ్గర కనిపిస్తే పెద్ద వార్తే, కాబట్టి తొందరపడి పేరు పెట్టకండి. మగదాని నెత్తి మొత్తం ముదురు గోధుమ రంగులో ఉండాలి, ఛాతీ నుంచి పక్కలకు దట్టంగా నల్లచారలు దిగాలి. ఊరపిచ్చుక మగదానికి నడినెత్తి బూడిద రంగు. కొత్త ఈకలు వచ్చిన నెలల్లో లేత అంచులు నలుపును కప్పేస్తాయి. అవి అరిగాక, ఎండాకాలం దగ్గరపడేసరికి అసలు రంగు తేలుతుంది. ఆడవాటిని ఫొటో చూసి విడదీయడం దాదాపు కుదరదు.

ఇక్కడ ఆశపెట్టుకోదగ్గ వలస పిట్ట వెదురు పిచ్చుక, అంటే రోజ్‌ఫించ్. హిమాలయాల్లో, మధ్య ఆసియాలో గూళ్లు పెట్టి చలికాలానికి దక్షిణాదికి దిగుతుంది. మగదానికి తల, రొమ్ము ఎర్రన. ఆడది చారల గోధుమ రంగులో ఉండి అచ్చం పిచ్చుకలా మోసం చేస్తుంది. బొద్దు ముక్కు, కంటిపై గీత లేని సాదా ముఖం, రెక్క మీద రెండు సన్నని లేత గీతలు చూడండి.

దీనికి తలకోనే మేలు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. వెదురు పొదలు, లంటానా ఉన్న దారి అంచులు వెతకండి. పిట్టలు చురుగ్గా ఉండేది తెల్లారిన మొదటి రెండు గంటలు. ఉదయం బస్సెక్కితే ఆ వేళ దారిలోనే పోతుంది, అందుకే ముందు రాత్రి అక్కడే గది తీసుకోవాలి. శని, ఆదివారాలు జలపాతానికి జనం పోటెత్తుతారు, వద్దు. టిఫిన్ భాకరాపేటలో కట్టించుకోండి, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా మ్యాప్ ముందే దించుకోండి. నవంబరు తుపాను వానల్లో వాగులు పొంగుతాయి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

ఒక ముఖ్యమైన మాట: తలకోన ఉన్న శేషాచలం ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా బాట దిగి లోపలికి వెళ్లొద్దు. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

తిరుపతిలోనే ఉండేవాళ్లు శ్రీనివాసం, విష్ణు నివాసం గదులను దర్శనానికి వచ్చే భక్తులకు వదిలేసి, చంద్రగిరి రోడ్డు వైపు లాడ్జి చూసుకోవడం న్యాయం. శ్రీనివాసమంగాపురం పొలాలు, కొండ అంచు చెట్లు అక్కడికి దగ్గర. ఆ చెట్లలో అడవి పిచ్చుకను వెతకండి: గొంతు మీద పసుపు మచ్చ, భుజాన ఇటుక రంగు. ఇరాక్, ఇరాన్‌లలో పుట్టినవి చలికాలానికి ఇండియాకు వస్తాయి, మన దగ్గర ఏడాదంతా ఉండేవీ ఉన్నాయి. చూసి తేడా చెప్పలేం. మోదుగ పూసినప్పుడు తేనె కోసం గుంపుగా వాలతాయి.

నేలపట్టు పక్షుల కేంద్రం గూడబాతులకు అద్భుతం, పిచ్చుకలకు మాత్రం అంత దూరం పోనక్కర్లేదు.

అరుదైనది దొరికిందనిపిస్తే నెత్తి, ఛాతీ, పక్కలు విడివిడిగా ఫొటో తీసి, తేదీ, చోటు, గుంపులో ఎన్నున్నాయో రాసి పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. ఎదురెండలో నెత్తి అసలు రంగు ఫొటోలో సరిగా తేలదు.