ఒకే ఆవా, మూడు జంతువులా? రెండు పిడుదుల దారులు

పశువుల పిడుదు రైపిసెఫాలస్ మైక్రోప్లస్ పిల్లగా ఆవు మీదికి ఎక్కిందంటే దాదాపు 3 వారాలు దిగదు. అక్కడే రక్తం తాగుతుంది, రెండుసార్లు కుబుసం విడుస్తుంది, జతకడుతుంది. గుడ్లు పెట్టడానికే నేలకు రాలుతుంది. పశువులకు జ్వరం తెచ్చే బబీసియా అనే సూక్ష్మ పరాన్నజీవి కూడా ఆ గుడ్లలోంచే తర్వాతి తరానికి పోతుంది.

జింకల పిడుదు ఐక్సోడిస్ స్కాపులారిస్‌కు మూడు దశల్లో దశకో జంతువు కావాలి: పిల్లప్పుడు ఎక్కువగా ఎలుక, పెద్దయ్యాక జింక. మధ్యలో నెలల తరబడి ఆకుల కింద ఆకలి. ఇన్ని రకాల ఒళ్లను ఏమార్చే దాని లాలాజలమే నాకు అన్నిటికన్నా అద్భుతం. రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది. లైమ్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఎలుక నుంచి మనిషికి చేరేది ఈ మకాం మార్పుల వల్లే.

ఆవు ఒంటికి మందు పట్టిస్తే మొదటిది దొరుకుతుంది. రెండోది చాలాకాలం నేలమీదే ఉంటుంది కనుక జంతువుకు మందు పూసి దాన్ని అదుపు చేయడం కష్టం.