టేకు బోర్డు మీద హిమ్యర్ రాజు బిరుదు: రెండోసారికి కుదిరింది (3/5)

నాది మచిలీపట్నంలో డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసుకునేవాడికి యెమెన్ రాజులతో పనేంటని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. 1వ శతాబ్దపు గ్రీకు పుస్తకం ‘పెరిప్లస్’లో మా ప్రాంతాన్ని మసాలియా అన్నారు, ఇక్కడ సన్నబట్టలు బాగా నేస్తారని రాశారు. జఫార్‌లో ఉండే హిమ్యర్ (పాతకాలపు యెమెన్ రాజ్యం) రాజు సంగతి కూడా అదే పుస్తకంలో ఉంది. నా పిచ్చి అక్కడ మొదలైంది.

షాపు గోడకి పెట్టుకుందామని, చెక్క మీద పేర్లు చెక్కి పంపే ఒక ఆన్‌లైన్ షాపులో టేకు బోర్డు ఆర్డర్ పెట్టాను. 18 బై 5 అంగుళాలు, 1,450 రూపాయలు. నేనిచ్చిన మాట ‘మలక | సబఅ | వధరయదన’. సబా అనే పాత యెమెన్ రాజ్యానికీ, రైదాన్‌కీ రాజు అని అర్థం. రైదాన్ అంటే జఫార్‌లో వాళ్ల కోట. పక్క రాజ్యం హద్రమౌత్‌ని గెలిచాక ఆ పేరూ బిరుదులో చేరింది, తర్వాతి రాజులు ఇంకా పొడిగించారు. నాకు పొట్టిదే చాలు, ఎందుకంటే 12 అక్షరాలు దాటితే అక్షరానికింత అని వేస్తున్నారు.

ఈ బిరుదు రాసే పాత యెమెన్ లిపి పేరు ముస్నద్. అందులో 29 హల్లులు. అచ్చులు రాయరు. కుడి నుంచి ఎడమకి చదవాలి. పదాల మధ్య ఖాళీ బదులు నిలువు గీత పెడతారు. ఇదంతా ఆర్డర్‌లో రాశాను.

వచ్చిన బోర్డు ఎడమ నుంచి కుడికి ఉంది, గీతలు లేవు. ఫోన్ చేస్తే కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. “అన్నా, మధ్యలో ఆ రెండు గీతలు మిస్టేక్ అనుకుని మా డిజైనర్ తీసేశాడు.” మరీ పాత శాసనాల్లో అరక తిప్పినట్టు ఒక వరస అటు, ఒక వరస ఇటు రాసేవాళ్లు. కానీ అప్పుడు అక్షరం కూడా అద్దంలో చూసినట్టు తిరుగుతుంది. ఇక్కడ అక్షరాలు తిన్నగానే ఉన్నాయి, వరసే తిరగబడింది.

హిమ్యర్ భాష గురించి అరబ్బులు చెప్పుకునే కథ గుర్తొచ్చింది. ఎత్తయిన చోట కూర్చున్న రాజు, తన దగ్గరికొచ్చిన అరబ్బును ‘థిబ్’ అన్నాడట. హిమ్యర్‌లో కూర్చో అని, అరబ్బీలో దూకు అని. పాపం ఆయన దూకి చచ్చాడు. జఫార్‌కి వచ్చేవాడు హిమ్యర్ భాష మాట్లాడాల్సిందే అన్నాడట రాజు. మా ఫోన్ సంభాషణా అదే తీరు. నేను ‘రైట్ నుంచి’ అంటే ఆయన ‘రైట్ అన్నా’ అంటాడు.

తొమ్మిది రోజులకి రెండోది పంపారు, డబ్బులు అడగలేదు. ఇది బాగుంది. హిమ్యర్‌ల చివరి కాలపు శాసనాల్లోలా అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండాలని నేనంటే, చుట్టూ చెక్క తీసేసి అక్షరాన్ని పైకి నిలబెట్టారు. ‘వ’ అంటే సున్నా మధ్యలో నిలువు గీత. ఆ గీత పోతే అది ‘అయిన్’ అనే వేరే అక్షరం అయిపోతుంది. గీత వెంట్రుకంత సన్నగా ఉన్నా ఎక్కడా తెగలేదు. ‘ధ’ మాత్రం పాడైంది. అది రెండు మెట్ల చిన్న నిచ్చెనలా ఉంటుంది, ఆ మెట్లు రెండూ అతుక్కుపోయాయి. బ్లేడుతో నేనే గీకాను. పాలిష్ వాసన రెండు రోజులు పోలేదు.

చెక్కపనికి ఐదు స్టార్లు ఇవ్వచ్చు, చదవడానికి ఒకటి. మీరు ఇలాంటి లిపి ఏదైనా చేయించుకోవాలంటే టైప్ చేసి పంపకండి. నోటో అనే ఫాంట్ల వరసలో ఓల్డ్ సౌత్ అరేబియన్ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, అందులో పెట్టి కర్వ్స్ చేసి (అంటే అక్షరాల్ని గీతల బొమ్మగా మార్చి) పీడీఎఫ్ ఇవ్వండి. నిలువు గీతలు తీయొద్దని ఎర్ర అక్షరాలతో రాయండి.