గంటస్తంభం దగ్గర పిల్లల బట్టల కొట్టు: జుబ్బాలకి సరే, స్వెటర్‌కి వద్దు

పుట్టకముందే బట్టలు కొనకూడదని మా అత్తయ్య ఒకటే గొడవ. కానీ మా ఆవిడకి మొదటి కాన్పు, అదీ పుష్యమాసంలో, ఆ చలిలో అప్పటికప్పుడు ఎక్కడ పరిగెడతానని డిసెంబర్‌లోనే విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక కొట్టుకి వెళ్లాను.

ముందు వైపు ముడేసే నూలు జుబ్బాలు 6 తీసుకున్నా. బాగున్నాయి. మెడ నిలవని పిల్లకి తల మీంచి దూర్చే పని లేదు, రోజూ ఉతుకుతున్నా రంగు దిగలేదు.

స్వెటర్ సెట్ మాత్రం దండగ. ఉన్ని అన్నాడు గానీ గరుకు దారం, టోపీ లోపల కుట్టు లావుగా ఉంది, వేసిన గంటకే పాపకి మెడ దగ్గర ఎర్రగా కందిపోయింది. మనం వేసుకున్నదాని కంటే ఒక్క పొర ఎక్కువుంటే చాలని తర్వాత నర్సమ్మ చెప్పింది. ఇప్పుడు జుబ్బా మీద మెత్తటి ఫ్లానెల్ గుడ్డ చుడుతున్నాం, అంతే.

బిల్లు దగ్గర పాలసీసా, పాలడబ్బా అంటగట్టబోయాడు. వీటికి ప్రకటనలే ఇవ్వకూడదని 1992 నుంచి చట్టం ఉంది, ఈయనేమో గోడ నిండా పోస్టర్లు! 6 నెలల దాకా తల్లిపాలేనని చెప్పి, వెనక అరలో దుమ్ము పట్టి ఉన్న స్టీలు ఉగ్గుగిన్నె తీయించాను. పిండిన పాలు పట్టడానికి మూడో రోజే పనికొచ్చింది. కొనేటప్పుడు మూతి అంచు వేలితో తడిమి చూడండి, నాకు మొదట ఇచ్చినదానికి గీసుకుంది. వాడే ముందు 10 నిమిషాలు నీళ్లలో మరిగిస్తున్నాం.

స్వెటర్ మార్చమంటే "ఉతికింది తీసుకోం బాబూ" అన్నాడు. మూడు స్టార్లు, అవీ జుబ్బాలకే.